తాళం పడిన గదికి కిరాయి

కరోనా కాలపు హాస్టల్ లెక్కలు - షరీఅత్ వెలుగులో

కరోనా మహమ్మారి రోజులు గడిచిపోయాయి. మస్జిదులలో సఫ్‌లు మళ్లీ భుజానికి భుజం కలిపి నిలబడుతున్నాయి. బడులు, కళాశాలలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. కాని ఆ రోజుల్లో మనుషుల మధ్య మిగిలిపోయిన కొన్ని లెక్కలు మాత్రం నేటికీ తేలలేదు. 2020 మార్చిలో పిల్లలు హాస్టళ్లు వదిలి ఇళ్లకు చేరారు. గదులకు తాళాలు పడ్డాయి. పెట్టెలు, పరుపులు, పుస్తకాలు లోపలే ఉండిపోయాయి. నెలలు గడిచాక యజమానులు కిరాయి అడిగారు. "ఉండని గదికి కిరాయి ఏమిటి?" అన్నారు తల్లిదండ్రులు. "గది నిండా మీ సామానే ఉంటే ఇంకొకరికి ఎలా ఇస్తాం?" అన్నారు యజమానులు. కొందరు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకున్నారు. చాలామంది ఫోన్ ఎత్తడం మానేశారు.

ఈ విషయమై జైనూర్ వైపు కుటుంబాల నుంచి మాకు ఇప్పటికీ ప్రశ్నలు వస్తున్నాయి. వాటి సారాంశం ఇది:

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాదులో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. లాక్‌డౌన్‌కు ముందు ఇంటికి వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు. చాలా నెలల తర్వాత సామాను కోసం వెళితే, యజమాని అన్ని నెలల కిరాయి అడిగాడు. అడ్వాన్సు కూడా ఇవ్వనన్నాడు. మాటా మాటా పెరిగింది. సామాను తెచ్చుకున్నాం, డబ్బు ఇవ్వలేదు. అది మా మీద అప్పుగా ఉన్నట్టా? యజమాని ముస్లిం కాదు. ఇప్పుడు ఆ హాస్టల్ నడపడం లేదని కూడా విన్నాం.

జవాబు: ముందుగా క్లుప్తంగా చెబుతాం. యజమాని అడిగినదంతా ఇవ్వవలసిందే అనడం సరి కాదు. ఏమీ ఇవ్వనవసరం లేదనడమూ సరి కాదు. ఏ నెలలో గది ఎవరి వల్ల మూతపడింది, గది మాకు వద్దని మీరు ఎప్పుడు చెప్పారు - ఈ రెండు సంగతులు తేలితే లెక్క తేలుతుంది. యజమాని ఏ మతస్థుడన్నది ఈ లెక్కలోకి రాదు. అతను హాస్టల్ మూసేసినంత మాత్రాన అతని హక్కు పోదు. ఇక వివరంగా చూద్దాం.

ఇది చిన్న విషయం కాదు

ఐదేళ్లు దాటిపోయిన సంగతి, రెండు మూడు వేల రూపాయల మాట, ఇప్పుడు ఎందుకు తవ్వడం అని కొందరు అనుకోవచ్చు. నమాజు, ఉపవాసాల వంటి అల్లాహ్ హక్కులలో లోపం జరిగితే పశ్చాత్తాపంతో క్షమాపణ ఆశించవచ్చు. దాసుల హక్కులు అలాంటివి కావు. హక్కుదారుడికి చెల్లించాలి, లేదా అతను మాఫీ చేయాలి. మూడో దారి లేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వద్దకు ఒకసారి ఒక జనాజా తీసుకువచ్చారు. మృతుడికి అప్పు ఉందా అని ఆయన అడిగారు. మూడు దీనార్ల అప్పు ఉందని, తీర్చడానికి అతను ఏమీ వదిలి వెళ్లలేదని చెప్పారు. ఆయన స్వయంగా జనాజా నమాజు చేయించక, మీ సహచరునికి మీరే నమాజు చేసుకోండని అన్నారు. అప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చి ఆ అప్పు తన మీద వేసుకున్నారు. ఆ తర్వాతే ప్రవక్త (సఅసం) నమాజు చేయించారు. ఇది సహీహ్ బుఖారీలో ఉన్న హదీసు. మూడు దీనార్ల కోసం అంత గంభీరంగా నిలబడిన ప్రవక్త (సఅసం) అనుచరులం మనం. మన ఇంటి లెక్క అంతకంటే తేలికైనదని ఎలా అనుకోగలం?

ఇది యజమానులకూ వర్తిస్తుంది. వాడని నెలలకు భోజనం ఖర్చు కూడా వసూలు చేసుకున్నవారు, కారణం లేకుండా అడ్వాన్సు మింగినవారు కూడా రేపు అదే నిలదీతకు సిద్ధపడాలి. ఒకరి సొమ్మును మరొకరు అధర్మంగా తినరాదని సూరా నిసా 29వ ఆయతు ఇద్దరినీ కలిపే హెచ్చరిస్తున్నది.

కిరాయి అంటే ఏమిటి?

షరీఅత్ పరిభాషలో కిరాయి ఒప్పందాన్ని 'ఇజారా' అంటారు. అమ్మకంలో వస్తువే చేతులు మారుతుంది. ఇజారాలో వస్తువు యజమానిదిగానే ఉంటుంది, దాని ప్రయోజనం మాత్రం కిరాయిదారుకు చెందుతుంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్‌లో ఒక పుణ్యపురుషుని వద్ద ఎనిమిదేళ్లు పనిచేయడానికి, ఇష్టమైతే పదేళ్లు పూర్తిచేయడానికి ఒప్పుకున్న వృత్తాంతం సూరా ఖసస్‌లో ఉంది. గడువు ఎంత, బదులు ఏమిటి అన్నది ముందే తేల్చుకోవడం ప్రవక్తల పద్ధతి అని దాని నుంచి మనం నేర్చుకుంటాం. ఒప్పందాలను నెరవేర్చాలన్న ఆజ్ఞతోనే సూరా మాయిదా మొదలవుతుంది.

మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం, యజమాని గదిని అప్పగించి, వాడుకునే వీలు పూర్తిగా కల్పిస్తే కిరాయి రుణపడుతుంది. కిరాయిదారు అందులో నిద్రపోయాడా, తాళం వేసి ఊరికి వెళ్లాడా అన్నది అతని ఇష్టం. ఉదాహరణకు, వేసవి సెలవులకు పిల్లవాడు గది అట్టిపెట్టుకుని ఇంటికి వస్తే ఆ నెల కిరాయి ఇవ్వవలసిందే. 'వాడలేదు' అన్న ఒక్క మాటతో కిరాయి పోదు. ఇది మొదటి సూత్రం.

నెలవారీ కిరాయిలో ఇంకో సంగతి ఉంది. 'నెలకు ఇంత' అని మాట్లాడుకుంటే ఒప్పందం ఒక్క నెలకే గట్టిగా కుదురుతుంది. కొత్త నెల మొదలయ్యాక కూడా గది అట్టిపెట్టుకుంటే ఆ నెలకు మళ్లీ కుదిరినట్టు లెక్క. నెల చివర ఇద్దరిలో ఎవరైనా విరమించుకోవచ్చు. హనఫీ ధర్మశాస్త్రంలో ప్రసిద్ధ గ్రంథమైన 'హిదాయా'లో ఈ మస్‌అలా ఉంది. మన పిల్లలుండే ప్రైవేటు హాస్టళ్లు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి.

ప్రయోజనం చేజారిపోతే?

గది ఉంది, కాని దానిని వాడుకునే మార్గమే మూసుకుపోయింది. అప్పుడు ఏమిటి? మన పూర్వ ధర్మవేత్తలు దీనిని చాలా లోతుగా చర్చించారు.

నీటితో తిరిగే పిండిమరను ఒకరు కిరాయికి తీసుకున్నారు. కాలువలో నీరు ఆగిపోయింది. మర ఉంది, రాయి ఉంది, కాని అది తిరగదు. అన్ని రోజుల కిరాయి అతని మీద పడదని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. కిరాయి ఇంటిని ఒక దౌర్జన్యపరుడు ఆక్రమించి కిరాయిదారును బయటికి నెట్టితే, ఆ కాలపు కిరాయి కూడా పోతుందని తేల్చారు. ఉస్మానియా సల్తనత్ 19వ శతాబ్దంలో రూపొందించిన 'మజల్లా' అనే ధర్మచట్టంలోనూ ఇదే సూత్రం ఉంది. మరమ్మతు కోసం మూతపడిన స్నానశాలకు ఆ రోజుల కిరాయి ఉండదని అందులో ఉదాహరణ ఇచ్చారు.

ఈ ఆలోచనకు మూలం హదీసులోనే ఉంది. చెట్టు మీది పండ్లను తన సోదరునికి అమ్మిన తర్వాత వాటి మీద ఆపద వచ్చి పడితే, అమ్మినవాడు డబ్బు తీసుకోవడం తగదని ప్రవక్త (సఅసం) బోధించారు. ఏ హక్కుతో నీ సోదరుని సొమ్ము తీసుకుంటావని ఆయన నిలదీసినట్టు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. ఈ హదీసు ఆదేశం ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది. అయితే ఎవరి చేతిలోనూ లేని ఆపద వచ్చినప్పుడు నష్టమంతా ఒక్కడి నెత్తిన పెట్టరాదన్న ధర్మసూక్ష్మం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఇమామ్ ఇబ్ను తైమియా (రహ్మతుల్లాహి అలైహి) దీనిని కిరాయి ఒప్పందాలకు కూడా వర్తింపజేశారు.

హంబలీ ధర్మవేత్త ఇబ్ను ఖుదామా (రహ్మ) 'అల్ ముగ్నీ' గ్రంథంలో చేసిన విభజన మన మస్‌అలాకు బాగా దగ్గరగా ఉంది. ఊరంతటికీ భయం ఆవరించి అక్కడ నివసించడమే కుదరకపోతే, లేదా పట్టణం ముట్టడిలో చిక్కుకుంటే, కిరాయిదారుకు ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు ఉంది. అడ్డంకి అతనొక్కడికే సంబంధించినదైతే, అంటే అతను జబ్బు పడినా, జైలుపాలైనా, తన శత్రువుల భయంతో రాలేకపోయినా, ఆ హక్కు లేదు. అందరికీ వచ్చిన అడ్డంకి వేరు, ఒక్కడికి వచ్చిన అడ్డంకి వేరు.

హనఫీలు ఈ రెండో విషయంలో మరికొంత వెసులుబాటు ఇచ్చారు. ఒప్పందం ఏ ఉద్దేశంతో చేసుకున్నామో ఆ ఉద్దేశమే లేకుండా పోతే, అది ధర్మసమ్మతమైన కారణం, అంటే 'ఉజ్ర్' అవుతుంది. పన్ను నొప్పి భరించలేక పీకించుకోవడానికి ఒకరిని కుదుర్చుకున్నాడు, ఇంతలో నొప్పి తగ్గిపోయింది. వలీమాకు వంటవాడిని మాట్లాడుకున్నాడు, ఇంతలో వివాహమే తెగిపోయింది. ఇలాంటప్పుడు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. కారణం అందరికీ తెలిసిన బహిరంగ విషయమైతే ఖాజీ తీర్పు కోసం ఆగనవసరం లేదని వివరించారు. చదువు కోసం గది తీసుకుంటే చదువే ఆగిపోయింది కాబట్టి, ఇది ఉజ్రే. కాని ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఉజ్ర్ అనేది రద్దు చేసుకునే హక్కును ఇస్తుంది. ఆ హక్కును వాడుకోవాలి, ఎదుటివాడికి తెలియజేయాలి. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఒప్పందం దానంతట అది రద్దు కాదు.

ఆ రోజుల్లో జరిగింది ఏమిటి?

ఇప్పుడు ఈ సూత్రాలను మన రాష్ట్రంలో జరిగిన సంగతులకు వర్తింపజేసి చూడాలి. తెలంగాణలో 2020 మార్చి నడుమ విద్యాసంస్థలు మూతపడ్డాయి. మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ వెంటనే రాష్ట్రంలో, మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఉగాది నాడే హైదరాబాదులో అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ వంటి చోట్ల అనేక హాస్టళ్ల నిర్వాహకులు పిల్లలను ఖాళీ చేయమన్నారు. పిల్లలు ప్రయాణ అనుమతి పత్రాల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. పత్రాలు పట్టుకుని బయలుదేరినవారు ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు వద్ద ఆగిపోయారు. తర్వాత ఆ అనుమతులు చెల్లవని, హాస్టళ్లు మూయరాదని ప్రభుత్వం ఆదేశించింది. మార్చి 29న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వులో, కూలీలను, విద్యార్థులను బలవంతంగా ఖాళీ చేయించే యజమానులపై చర్య తీసుకుంటామని హెచ్చరించారు.

ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు మార్చి, ఏప్రిల్, మే నెలల ఇంటి కిరాయిలు వసూలు చేయవద్దని ప్రకటించారు. ఈ మాటను చాలామంది సగమే విన్నారు. అది మాఫీ కాదు, వాయిదా. తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల మీద తీసుకోవాలన్నది ఆ ప్రకటనలోని రెండో సగం. రుణగ్రస్తుడు ఇబ్బందుల్లో ఉంటే చేతికి వీలు చిక్కేదాకా గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే అది మరింత మేలని సూరా బఖరా 280వ ఆయతు బోధిస్తుంది. గడువు ఇవ్వడం వేరు, మాఫీ వేరు. మాఫీ చేసే అధికారం హక్కుదారుడిదే.

మే 19 నుంచి జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు మళ్లీ తిరిగాయి. జూన్ నుంచి ఆంక్షలు సడలాయి. కాని కళాశాలలు తెరవలేదు. సెప్టెంబర్ 1 నుంచి పాఠాలు ఆన్‌లైన్‌లో, టీవీలో నడిచాయి. కెరమెరి కొండల చుట్టూ ఉన్న ఊళ్లలో ఫోన్ సిగ్నల్ సంగతి చదువరులకు తెలియనిది కాదు. 2021 ఫిబ్రవరి 1న తరగతులు మొదలై, మార్చి 24 నుంచి మళ్లీ ఆగిపోయాయి. మే 12 నుంచి జూన్ 19 వరకు రాష్ట్రంలో రెండో లాక్‌డౌన్. అంటే ఆ కాలమంతా ఒకే రకంగా లేదు. కొన్ని నెలలు ఎవరూ కదలలేని నెలలు. కొన్ని నెలలు కదలగలిగినా చదువు లేని నెలలు. ఈ రెండింటినీ కలిపి ఒకే లెక్క కట్టడం వల్లే గొడవలు వచ్చాయి.

నాలుగు పరిస్థితులు

1. యజమానే ఖాళీ చేయించాడు. ఆ రోజు నుంచి కిరాయి లేదు. ముందే తీసుకున్న డబ్బులో మిగిలిన రోజుల భాగం, అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి. పిల్లల సామాను అతని వద్ద ఉండిపోతే అది అమానత్. దానిని చూపి కిరాయి అడగరాదు.

2. లాక్‌డౌన్ ఆంక్షల వల్ల ఇద్దరూ ఏమీ చేయలేకపోయారు. యజమాని హాస్టల్ నడపలేడు, పిల్లవాడు ప్రయాణం చేయలేడు. ఇది అందరికీ వచ్చిన అడ్డంకి. నివాస ప్రయోజనమే చేజారింది కాబట్టి ఈ నెలలకు పూర్తి కిరాయి అడిగే హక్కు లేదన్నదే పై ఉదాహరణలకు దగ్గరైన మాట. అయితే సామాను గదిలో ఉండి, యజమాని దానిని కాపాడి ఉంటే, ప్రయోజనం పూర్తిగా పోలేదని, కొంత మిగిలిందని వాదించే వీలుంది. ఇక్కడ ధర్మవేత్తల అభిప్రాయాలు ఒకే విధంగా లేవు. కాబట్టి ఈ నెలల విషయంలో ఇరువురూ కూర్చుని ఎంతో కొంతకు రాజీపడడం ఉత్తమం.

3. ప్రయాణం వీలైంది, హాస్టల్ తెరిచి ఉంది, కాని కళాశాల లేనందున పిల్లవాడు వెళ్లలేదు. గది మాకు వద్దని ఫోన్‌లో చెప్పి, సామాను తీసుకోవడానికి లేదా తీసి పక్కన పెట్టడానికి ఒప్పుకున్నాడు. అతని ఉజ్ర్ ధర్మసమ్మతం. చెప్పిన నాటితో ఒప్పందం ముగిసింది. నెల ముందు చెప్పాలన్న షరతుకు మొదట్లో ఒప్పుకుని ఉంటే ఆ షరతును మన్నించాలి. ముస్లిములు తమ షరతులకు కట్టుబడి ఉంటారన్నది తిర్మిజీలోని హదీసు భావం.

4. హాస్టల్ తెరిచి ఉంది, వెళ్లే వీలుంది, వద్దని చెప్పలేదు, సామాను తీయలేదు. యజమాని ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఈ నెలల గది కిరాయి రుణమే. వాడలేదన్న మాట ఇక్కడ చెల్లదు. ఆ మంచాన్ని యజమాని ఇంకొకరికి ఇవ్వలేకపోయింది మన మౌనం వల్లే.

మూడో పరిస్థితికీ నాలుగో పరిస్థితికీ మధ్య ఉన్న తేడా ఒక్క ఫోన్ కాల్. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఎన్నో కుటుంబాలు రుణగ్రస్తులయ్యాయి.

భోజనం, అడ్వాన్సు, ఏడాది ఫీజు

హాస్టల్ రుసుములో గది కిరాయితోపాటు భోజనం, కరెంటు కలిసి ఉంటాయి. వండని అన్నానికి, పెట్టని పలహారానికి ధర లేదు. ఏ పరిస్థితిలోనైనా వాడని నెలల భోజనపు ఖర్చు వసూలు చేయడం తగదు. దానిని వేరుచేసి గది భాగం మాత్రమే లెక్క కట్టాలి.

అడ్వాన్సు యజమాని సొత్తు కాదు. అది ఖాళీ చేసినప్పుడు తిరిగి ఇవ్వవలసిన సొమ్ము. న్యాయంగా రావలసిన బాకీని అందులోంచి మినహాయించుకోవచ్చు. మిగిలింది ఇచ్చి తీరాలి.

ఒక నమూనా లెక్క చూద్దాం. నెలకు 6,000 రూపాయలు, అందులో గది భాగం 2,500, భోజనం వగైరా 3,500 అనుకుందాం. అడ్వాన్సు 5,000. పిల్లవాడు 2020 మార్చి వరకు కట్టేశాడు. ఏప్రిల్ నుంచి వెళ్లలేదు. హాస్టల్ జూన్ నుంచి తెరిచి ఉంది. ఆగస్టు చివర గది వద్దని చెప్పాడు. యజమాని ఐదు నెలలకు 30,000 అడిగాడు. తండ్రి ఒక్క రూపాయి ఇవ్వనన్నాడు. మన లెక్క ప్రకారం ఏప్రిల్, మే నెలలు రెండో పరిస్థితి, కాబట్టి రాజీకి వదిలేద్దాం. జూన్, జూలై, ఆగస్టు నాలుగో పరిస్థితి. గది భాగం మూడు నెలలకు 7,500. అడ్వాన్సు 5,000 మినహాయిస్తే బాకీ 2,500. ముప్పై వేలూ కాదు, సున్నా కూడా కాదు. ఇద్దరూ కోపం పక్కన పెట్టి కాగితం మీద రాసుకుని ఉంటే పది నిమిషాల్లో తేలిపోయే లెక్క ఇది.

కార్పొరేట్ కళాశాలలకు ఏడాది మొత్తం ఒకేసారి కట్టినవారి సంగతి వేరు. పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పి ఉంటే చదువు భాగం వారి శ్రమకు ప్రతిఫలం, అది ఇవ్వాలి. వసతి, భోజనాలు అందని నెలల భాగం తిరిగి ఇవ్వాలి, లేదా తర్వాతి ఏడాదిలో సర్దాలి. ఇక మైనారిటీ గురుకులాలు, ఆశ్రమ పాఠశాలల్లో వసతి ఉచితం కాబట్టి ఈ ప్రశ్నే రాదు.

న్యాయస్థానాల మాట

దేశంలోని న్యాయస్థానాలు కూడా ఈ చిక్కుముడిని విప్పవలసి వచ్చింది. ఒక దుకాణం కిరాయి కేసులో ఢిల్లీ హైకోర్టు 2020 మే 21న తీర్పు ఇస్తూ, ఒప్పందంలో అలాంటి షరతు లేనప్పుడు, స్థలాన్ని అట్టిపెట్టుకుంటూనే లాక్‌డౌన్ పేరుతో కిరాయి నిలిపివేయమని కోరడం కుదరదని చెప్పింది. రాజస్థాన్ ప్రైవేటు పాఠశాలల కేసులో సుప్రీంకోర్టు 2021 మే 3న తీర్పు చెబుతూ, 2020-21 విద్యాసంవత్సరంలో పిల్లలు వాడుకోని సదుపాయాలకు బదులుగా ఫీజులో 15 శాతం తగ్గించాలని ఆదేశించింది. ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు వసతి అద్దె కట్టబోమని నిలబడగా, 2020 నవంబర్‌లో మొదటి సెమిస్టర్ అద్దెను 30 శాతం తగ్గించారు. మక్కాలోని రాబితా ఫిఖ్హ్ అకాడమీ 1402 హిజ్రీ (1982)లోనే, దీర్ఘకాలిక ఒప్పందాల మధ్యలో ఎవరూ ఊహించని పరిస్థితి వచ్చి ఒక పక్షానికి భారీ నష్టం జరిగితే, న్యాయమూర్తి ఆ నష్టాన్ని ఇరువురికీ పంచేలా ఒప్పందాన్ని సవరించవచ్చని తీర్మానించింది. స్థలాన్ని అట్టిపెట్టుకున్నవాడు చెల్లించాలి, అందని సదుపాయానికి డబ్బు తగ్గాలి, అందరి మీదా పడిన నష్టాన్ని పంచుకోవాలి. ఇవి మన ధర్మవేత్తలు ఎన్నడో చెప్పిన మాటలకు దూరమైనవి కావు.

సంధి - ప్రవక్త (సఅసం) చూపిన దారి

హక్కు ఎంత అని తేల్చడం ధర్మశాస్త్రం పని. ఆ హక్కును ఎలా తీసుకోవాలి, ఎలా ఇవ్వాలి అన్నది నైతిక ప్రవర్తనకు సంబంధించినది. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి)కు ఇబ్ను అబీ హద్‌రద్ (రజి) బాకీ ఉన్నారు. మస్జిదె నబవీలోనే ఆ బాకీ అడిగారు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఇంట్లో ఉన్న ప్రవక్త (సఅసం)కు ఆ శబ్దం వినిపించింది. తెర తొలగించి బయటికి వచ్చి, సగం వదిలేయమని కఅబ్ (రజి)కు చేతితో సైగ చేశారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు ప్రవక్త (సఅసం) రెండో వ్యక్తితో, లేచి మిగిలినది చెల్లించమన్నారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది.

ఇందులో ఇద్దరికీ పాఠం ఉంది. హక్కున్నవాడు తగ్గాడు. బాకీ ఉన్నవాడు అక్కడికక్కడే చెల్లించడానికి లేచాడు. మన గొడవల్లో సాధారణంగా మొదటి సగమే అడుగుతాం, రెండో సగం మరిచిపోతాం. యజమాని సగానికి ఒప్పుకున్నాక కూడా 'చూద్దాం' అని తిప్పించుకునేవారు ఉన్నారు. ఇవ్వగలిగి ఉండీ వాయిదా వేయడం దౌర్జన్యమని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు.

యజమానుల కష్టమూ ఆలోచించాలి. అనేకమంది హాస్టల్ నిర్వాహకులు భవనం సొంతదారులు కారు. వారు కూడా ఇంకొకరికి కిరాయి కట్టేవారే. వంటమనిషికి, కాపలాదారుకు జీతం ఇవ్వవలసినవారే. అలాగే పత్తి అమ్మితే తప్ప చేతికి డబ్బు రాని తండ్రి కష్టం యజమాని ఆలోచించాలి. ప్రజలకు అప్పులిచ్చే ఒక వ్యాపారి, ఇబ్బందుల్లో ఉన్నవారిని చూసీ చూడనట్టు వదిలేయమని తన సేవకులకు చెప్పేవాడట. ఆ ఒక్క గుణం వల్ల అల్లాహ్ అతనిని క్షమించాడని హదీసులో ఉంది.

యజమాని కనబడకపోతే?

ప్రశ్న అడిగినవారు యజమాని ముస్లిం కాదని, హాస్టల్ నడపడం లేదని రాశారు. మొదటిదానికి జవాబు హిజ్రత్ చరిత్రలోనే ఉంది. మక్కావాసులు ప్రవక్త (సఅసం) ప్రాణానికే శత్రువులై ఉన్నారు. అయినా వారి సొమ్ము ఆయన వద్ద అమానత్‌గా ఉంది. ఆయన మదీనాకు బయలుదేరుతూ వాటిని ఎవరివి వారికి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్లారు. ప్రాణం తీయాలనుకున్నవారి సొమ్మే తిరిగి ఇచ్చినప్పుడు, మన పిల్లవాడికి గది ఇచ్చిన మనిషి సొమ్ము ఉంచుకోవడానికి మనకు ఏ సాకు ఉంది? ఇరుగుపొరుగు మధ్య మన మాటకు విలువ ఉండేది కూడా ఇలాంటి చోటనే.

రెండోదానికి జవాబు: వెతకాలి. పాత ఫోన్ నంబరు, పక్క దుకాణం, అప్పటి తోటి విద్యార్థులు, భవనం సొంతదారు - వీరిలో ఎవరో ఒకరికి తెలుస్తుంది. అతను మరణించి ఉంటే వారసులకు చెల్లించాలి. శక్తి మేరకు వెతికినా జాడ దొరకకపోతే, ఆ సొమ్మును అతని తరఫున పేదలకు దానం చేయాలి. తర్వాత ఎప్పుడైనా అతను వచ్చి అడిగితే అతని హక్కు అతనికి ఇవ్వాలి. ఇప్పుడు ఇచ్చే శక్తి లేకపోతే, కనీసం ఫోన్ చేసి బాకీ ఒప్పుకుని గడువు అడగాలి. ఇంట్లోవారికి చెప్పి, వసియ్యత్‌లో రాసి ఉంచాలి.

లెక్కలో అభిప్రాయభేదం వస్తే ఇరువురికీ నమ్మకమున్న పెద్దమనిషిని మధ్యవర్తిగా పెట్టుకోవాలి. మీ ఒప్పందంలో ప్రత్యేక షరతులుంటే కాగితం తీసుకువెళ్లి ముఫ్తీ సాహెబును సంప్రదించండి. షరతు మారితే ఆదేశం కూడా మారవచ్చు.

ఇకముందు జాగ్రత్త

అప్పు లావాదేవీలు రాసుకోమని చెప్పే సూరా బఖరా 282వ ఆయతు దివ్య ఖుర్ఆన్‌లోనే అన్నిటికంటే పొడవైన ఆయతు. కాని మనం పిల్లవాడిని హాస్టల్లో చేర్చేటప్పుడు అడ్వాన్సు చేతిలో పెట్టి, రసీదు కూడా అడగకుండా బస్సెక్కుతాం. ఇకమీదట నాలుగు సంగతులు కాగితం మీద ఉండేలా చూసుకోండి. గది భాగం ఎంత, భోజనం భాగం ఎంత? అడ్వాన్సు ఎప్పుడు, ఎంత తిరిగి వస్తుంది? ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ప్రభుత్వ ఆదేశంతో మూతపడితే ఆ రోజుల లెక్క ఏమిటి? ఈ నాలుగో మాట 2020కి ముందు ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు తట్టకపోతే తప్పు మనదే.

హాస్టళ్లు నడిపే మన సోదరులకూ ఇదే మనవి. కరోనా కాలపు పాత పుస్తకం ఒకసారి తెరవండి. ఎవరి అడ్వాన్సు మీ వద్ద ఉండిపోయిందో చూడండి. జైనూర్ నుంచో, ఉట్నూరు నుంచో వచ్చిన ఒక పిల్లవాడి పేరు అందులో ఉండవచ్చు. అతను అడగలేకపోయాడు కనుక అది మీది కాదు.

దాసుల హక్కుల భారం నుంచి విముక్తులమై తనను కలుసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఇచ్చేవారికి స్తోమతను, పుచ్చుకునేవారికి ఉదారతను అనుగ్రహించుగాక! ఆమీన్.